కార్బన్ పన్ను వేస్తే చాలదా, అణు విద్యుత్తు కూడా కావాలా?

రెండూ కావాలన్నది విశాఖవాసిగా నా అభిప్రాయం. కార్బన్ పన్ను, అంటే కర్బన ఉద్గారాల మీద వేసే పన్ను, బొగ్గును ఖరీదు చేస్తుంది, దాని బదులు కరెంటు ఎక్కడినుంచి తేవాలో మాత్రం చెప్పదు. మన దేశం 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు వేసి, 2016 నాటికి 400 చేసింది. అయినా పరవాడ దగ్గర 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం బొగ్గుతోనే నడుస్తోంది. రాత్రింబవళ్లు కరెంటు ఇవ్వగలవి శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన అణు రియాక్టర్లు, కానీ అవి ఏళ్లుగా కాగితం మీదే ఉన్నాయి. వాటి కోసం ఊళ్లు వదలాల్సిన మత్స్యకారుల భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం.

ఉక్కు తయారీ సంగతి వేరు. బ్లాస్ట్ ఫర్నేసులో, అంటే ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమిలో, కోక్ (బొగ్గు నుంచి తయారయ్యేది) ఇంధనమే కాదు, ఖనిజంలోని ఆక్సిజన్‌ను విడదీసేదీ అదే. అణు విద్యుత్తు నేరుగా ఆ పని చేయలేదు. హైడ్రోజన్ చేయగలదు, కానీ ఖరీదెక్కువ. ఆ ధర తేడాను తగ్గించేది పన్నే.