పప్పు, అలసందలు తింటే గ్యాస్: మా ఇంట్లో పనిచేసిన పద్ధతి

అక్కా, మాదీ కడపే. రాత్రి సంగటిలోకి అలసందల కూరో, శనగపప్పో తింటే మీ అత్తగారికి కడుపు ఉబ్బరించి నిద్ర పట్టడం లేదని రాశారు. మా అమ్మదీ ఇదే బాధ, చూస్తుంటే మనకే టెన్షన్.

ముందు వంట మార్చండి. ఈ గింజల్లోని కొన్ని చక్కెరలు చిన్నపేగులో అరగవు. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. అందుకే అలసందలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లతో మెత్తగా ఉడికించండి. మాకు సగం తేడా ఇక్కడే కనిపించింది. తిరగవాతలో ఇంగువ, జీలకర్ర మరవద్దు. వీలైతే అలసందలు మధ్యాహ్నానికి మార్చండి.

తిన్నాక వామునీళ్లు: అర టీస్పూను వాము గ్లాసు నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా తాగించండి. ఆ ఘాటు వాములో ఉండే థైమాల్ అనే పదార్థానిది. ఛాతీలో మంట ఉంటే మాత్రం వాము ఆపి, చెంచా సోంపు నమలమనండి.

వామాకు వేరే మొక్క, వాము గింజలు దానివి కావు. దాన్ని పెరుగుపచ్చడి చేసి పెట్టొచ్చు. బజ్జీలు మాత్రం వద్దు, నూనెతో ఉబ్బరం ఇంకా పెరుగుతుంది.

బరువు తగ్గుతున్నా, వాంతులవుతున్నా, విరేచనంలో రక్తం పడినా వెంటనే డాక్టరుకు చూపించండి. ఛాతీ బరువుగా ఉండి చెమటలు పడితే గ్యాస్ అనుకుని ఇంట్లో ఆగకండి అక్కా, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.