అదనపు సంపాదన గురించి మేనకోడలికి రాసిన ఉత్తరం

జమ్మికుంట

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ బడి జీతం, అల్లుడి జీతం కలిపినా హనుమకొండలో ఇంటి అద్దె, పిల్లల ఫీజులు పోగా నెలాఖరుకు ఏమీ మిగలడం లేదని, సాయంత్రాలు, సెలవు రోజుల్లో చేసుకోదగ్గ పని ఏదైనా చెప్పమని రాశావు. నీవు అనుకుంటున్న మూడు పనుల్లో, అంటే ట్యూషన్లు, ఫోనులో చేసే పని, సకినాల ఆర్డర్లలో, చివరిదాన్నే పట్టుకొమ్మని నా సలహా. మిగతా రెండూ ఎందుకు వద్దంటున్నానో ముందుగా చెబుతాను.

2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. అందరూ చెబుతూనే ఉన్నారు గదా అని నీవు అనవచ్చు. కానీ రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే, నెలనెలా వచ్చే జీతానికే ఎసరు వస్తుంది. ఉన్న ఉద్యోగాన్ని ఇరకాటంలో పెట్టే పనిని అదనపు సంపాదన కోసం ఎంచుకోవద్దు.

ఫోనులో వచ్చిన పని సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. వీడియోలకు లైకులు కొట్టినా, హోటళ్లకు రేటింగులు ఇచ్చినా డబ్బులిస్తామని మొదలుపెట్టి, మొదట్లో కొన్ని వందలు నిజంగానే ఖాతాలో వేస్తారు. నమ్మకం కుదిరాక, పెద్ద పని రావాలంటే ముందుగా కొంత కట్టాలంటారు. నీ లాభం పెరిగిపోతున్నట్టు తెర మీద అంకెలు కనిపిస్తూనే ఉంటాయి గాని, తీసుకోబోతే మళ్లీ పన్ను కట్టమంటారు. నేను బ్యాంకులో ఉన్న చివరి సంవత్సరాల్లో చదువుకున్న వాళ్లే ఇలా పోగొట్టుకొని కౌంటరు ముందు నిలబడి ఏడ్వడం కళ్లారా చూశాను. పని ఇస్తామంటూ నీ దగ్గరే డబ్బు అడిగేవాడు ఎవడైనా మోసగాడే. కమీషన్ ఇస్తాం, నీ బ్యాంకు ఖాతాను వాడుకోనివ్వమని అడిగేవాళ్ల జోలికి అసలే పోకు, ఆ ఖాతా గుండా దొంగ సొమ్ము నడిస్తే పోలీసులు ముందు వచ్చేది నీ ఇంటికే. ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెబితే, సొమ్ము చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇక సకినాలు. నీ చేతి సకినాలు కావాలని వాడకట్టులోని వాళ్లు తమంతట తామే అడుగుతున్నారని రాశావు. అంటే గిరాకీ నిన్ను వెతుక్కుంటూ వచ్చింది. సంక్రాంతికే గాక పెండ్లిళ్ల సారెకూ, అమెరికాలో ఉన్న పిల్లలకు పంపడానికీ మన వరంగల్, కరీంనగర్ వైపు వీటిని అడిగేవాళ్లు ఉన్నారు. అయితే ధర చెప్పేముందు ఒకసారి ఇంట్లో తినడానికని కిలో బియ్యంతో చేసి, ప్రతిదీ తూచు. బియ్యం, నువ్వులు, వాము ధర, గిర్నిలో ఇచ్చిన పిండి పట్టుకూలి రాసుకో. మూకుడులో పోసిన నూనె ఎంతో, దించాక మిగిలింది ఎంతో కొలువు. పొయ్యి వెలిగించే ముందు, ఆర్పిన తరువాత సిలిండరును తూచితే ఎంత గ్యాస్ కాలిందో తెలిసిపోతుంది. ఆర్డర్లకు మాత్రం ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు వాడకూడదు, 19 కిలోల వాణిజ్య సిలిండరే తీసుకోవాలి గనుక గ్యాసు ఖర్చును ఆ ధరతోనే లెక్కకట్టు. చివరగా ఎన్ని కిలోల సకినాలు దిగాయో, ఎన్ని విరిగాయో రాయి. విరిగినవి అమ్ముడుపోవు, వాటి ఖర్చు కూడా మిగతావాటి మీదే పడాలి.

చాలామంది ఆడవాళ్లు లెక్కలో వేసుకోనిది తమ కూలి. బట్ట మీద ఒక్కొక్క చుట్టునూ వేలితో తిప్పుతూ గంటల తరబడి కింద కూర్చునే పని అది, నడుము పట్టేస్తుంది. పక్కింటామెను సాయానికి పిలిస్తే ఆమెకు ఎంత ఇస్తావో, అంతకు తక్కువ కాకుండా నీ గంటలకూ కట్టుకో. ఆ తరువాత మిగిలేదే లాభం, బిడ్డా. అలా లెక్క వేసి చెప్పిన ధర ఎక్కువని ఎవరైనా అంటే, చిన్నబోకుండా ఆ ఆర్డరు వదిలెయ్యి.

ఎంత చేయగలవో అంతే ఒప్పుకో. చుట్టిన సకినాల తడిని బట్ట పీల్చుకోవాలి. పచ్చిగా ఉండగా తీస్తే చుట్లు చెదురుతాయి, మరీ ఆరితే విరుగుతాయి, ముసురు పట్టిన రోజున ఇంకా ఆలస్యమవుతుంది. ఈ పనిని తొందరపెట్టలేము. ఒక ఆర్డరుకు కాగిన నూనెను మరో ఆర్డరుకు వాడవద్దు, వారానికే ముక్క వాసన వస్తే నీ పేరు పోతుంది.

సగం సొమ్ము ముందే తీసుకో, ముఖ్యంగా చుట్టాల దగ్గర. మనవాళ్లే గదా అని మొదలైన ఉద్దెర ఎలా వసూలు చేయాలో బ్యాంకులో పనిచేసిన నాకే తెలియదు. ఈ డబ్బుకు వేరే ఖాతా తెరిచి, ఆ ఖాతా క్యూఆర్ కోడ్‌నే అందరికీ ఇవ్వు. జీతం ఖాతాలో కలిపితే ఏది ఎక్కడిదో ఆరు నెలల తరువాత నీకే అంతుపట్టదు. ఇంట్లో వండి అమ్మేవాళ్లకు కూడా 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు ఉండాలి, ఆ నమోదు చేసే ఫాస్కోస్ వెబ్‌సైటులో అల్లుడు దరఖాస్తు చేయగలడు. వచ్చిన 14 అంకెల సంఖ్యను ప్యాకెట్ల మీద వేయించండి.

అప్పు మాత్రం ఇప్పుడే వద్దు. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ముద్రా పథకంలో, అన్నిటికన్నా చిన్న అప్పులదైన ‘శిశు’ విభాగం కింద 50,000 రూపాయల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు, నేనే ఎందరికో కాగితాలు రాసిపెట్టాను. అయినా ఒక పండుగ, ఒక పెండ్లిళ్ల కాలం గడిచి, నోటుపుస్తకంలో మిగులు కనిపించిన తరువాతే ఆ మాట ఎత్తుదాం.

వచ్చే ఆదివారం కిలో బియ్యం నానబెట్టి, ఆ లెక్కంతా కాగితం మీద రాసి నాకు పంపు. అందులో నీ కూలి ఎంత వేశావో ముందు చూస్తాను, ధర సంగతి ఆ తరువాత ఫోనులో మాట్లాడుకుందాం.

ఇట్లు,
మామయ్య