ఇండోర్ కోర్టుకి ఇంజినీర్డ్ వుడ్: పైన చెక్క సరే, కింద ఏముంది?

ప్రశ్న: మా ఇండోర్ హాల్‌లో ఇప్పుడున్నది ఉత్త కాంక్రీట్ నేల. బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్ రెండూ ఆడతారు, ఎక్కువమంది పిల్లలే, సాయంత్రానికి మోకాళ్ల నొప్పులు అంటున్నారు. ఒక డీలర్ 14 మి.మీ. ఇంజినీర్డ్ ఓక్ (పైన అసలు చెక్క పొర, కింద అతికించిన పొరలు) శాంపిల్ చూపించి దీన్ని స్లాబ్ మీద నేరుగా అతికించేస్తే చాలంటున్నాడు. ఇంకొకాయన సాలిడ్ మేపుల్ (మొత్తం ఒకే చెక్క) తప్ప ఇంకేదీ కోర్టుకి పనికిరాదంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ఇద్దరూ మీకు చెక్క గురించే చెప్పారండీ, చెక్క కింద ఏముండాలో ఒక్కరూ చెప్పలేదు, మీ పిల్లల మోకాళ్ల సంగతంతా అక్కడే ఉంది. కాంక్రీట్ మీద ఏ చెక్క అతికించినా అది చూడ్డానికి చెక్క, కాలికి మాత్రం కాంక్రీటే, ఎందుకంటే 14 మి.మీ. పలక కిందకి వంగడానికి దానికి అసలు ఖాళీయే లేదు కదా. స్పోర్ట్స్ ఫ్లోర్ అంటే స్లాబ్ మీద రబ్బర్ ప్యాడ్లు, వాటి మీద బాటెన్లో (పొడవాటి చెక్క బద్దలు) అడ్డంగా నిలువుగా పరిచిన ప్లైవుడో, ఆ పైన మీరు చూసిన చెక్క. పిల్లాడు ఎగిరి దిగినప్పుడు ఆ మొత్తం కలిసి రెండు మూడు మి.మీ. కిందకి దిగి మళ్లీ పైకి లేస్తుంది, మోకాలికి ఊరట ఇచ్చేది అదే.

దీన్ని కొలిచే పద్ధతి ఉంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 14904 ప్రకారం, కాంక్రీట్ మీద దూకితే ఎంత దెబ్బ తగులుతుందో దానికంటే ఈ నేల మీద ఎంత శాతం తగ్గిందో చూస్తారు. స్ప్రింగ్ ఉన్న చెక్క ఫ్లోర్లలో ఎ3 రకానికి 40 నుంచి 55 శాతం, ఎ4 రకానికి 55 నుంచి 75 శాతం. అలాగని పరుపులా మెత్తగా ఉంటే బంతి లేవదు, అందుకే కాంక్రీట్ మీద ఎంత ఎత్తు లేస్తుందో అందులో కనీసం 90 శాతం ఇక్కడా లేవాలని కూడా అందులోనే ఉంది. మీరు డీలర్‌ని అడగాల్సింది ఈ రిపోర్టే, అదీ ఒక్క పలకకి కాదు, ప్యాడ్, ప్లై, పలక కలిపి టెస్ట్ చేసిన రిపోర్ట్. తర్వాత ప్యాడ్ మార్చి వేరేది వేస్తామంటే ఒప్పుకోకండి, ఆ రిపోర్ట్ ఇక దానికి వర్తించదు.

ఇక సాలిడా ఇంజినీర్డా. చెక్క తేమ పీలిస్తే పొడవులో పెద్దగా మారదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఇంజినీర్డ్‌లో కింద పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కాబట్టి ఒకటి ఉబ్బబోతే ఇంకొకటి పట్టి ఆపుతుంది. ఏడాదంతా హాల్‌లో తేమ ఒకేలా ఉంచలేని వాళ్లకి నేను ఇంజినీర్డే వేసుకోమంటాను, సాలిడ్ తప్ప పనికిరాదన్న మాట నేనైతే ఒప్పుకోను. కాకపోతే శాంపిల్‌ని పైనుంచి చూడకండి, పక్కకి తిప్పి అంచు చూడండి. పైన అసలు చెక్క పొర ఎంత మందం ఉందో స్కేల్ పెట్టి కొలవండి. 3.5, 4 మి.మీ. ఉంటే కోర్టుకి పనికొస్తుంది, శాండింగ్ (పైపొర అరగదీయడం) చేసిన ప్రతిసారీ అర మి.మీ. నుంచి ఒక మి.మీ. వరకు పోతుంది, అంటే రెండు మూడు సార్లు కొత్తగా చేసుకోవచ్చు. అర మి.మీ. రేకులాంటి పొరైతే అరిగితే అంతే. సాలిడ్‌లో కూడా 20 మి.మీ. మొత్తం అరగదీయలేం, టంగ్ (పక్క పలక గాడిలోకి దూరే అంచు) పైన ఉన్నంతవరకే.

ఏ చెక్క అంటే, హార్డ్ మేపుల్ గట్టిది, చెక్క గట్టిదనం కొలిచే జాంకా లెక్కలో 1450, రెడ్ ఓక్ 1290. మేపుల్ రంధ్రాలు సన్నవి కాబట్టి దుమ్ము తక్కువ పడుతుంది. ఓక్ తప్పేం కాదు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, స్లాబ్ తేమ చూడకుండా ఒక్క పలక కూడా వేయనివ్వకండి. నేను చూసిన ఒక హాల్‌లో తొందరపడి కొత్త స్లాబ్ మీద పరిచేశారు, కొన్నాళ్లకి ప్రతి పలకా అంచులు పైకి లేచి మధ్యలో గుంటపడింది, చెయ్యి పెట్టి రాస్తే ముడతల రేకు మీద రాసినట్టే ఉంది, అదంతా పీకి మళ్లీ వేయాల్సొచ్చింది. స్లాబ్ పైన ఎండినట్టే కనిపిస్తుంది, లోపల నీరుంటుంది, అందుకే మందంలో 40 శాతం లోతు దాకా రంధ్రం వేసి అందులో మీటర్ పెట్టి చూడాలి. చుట్టూ గోడ దగ్గర ఖాళీ కూడా వదలమనండి, పైన గాలి ఆడే స్కర్టింగ్ వేస్తారు, ఆ ఖాళీని సిమెంటుతో పూడ్చేస్తే చెక్క ఉబ్బినప్పుడు ఎటూ పోలేక మధ్యలో లేస్తుంది.

ప్రశ్న: ఎలాగూ బ్యాడ్మింటన్ మ్యాట్ వేస్తాం కదా, కింద చెక్క ఎందుకు?

జవాబు: మ్యాట్ పట్టు ఇస్తుందండీ, దెబ్బ కొంచెమే తగ్గిస్తుంది. పెద్ద టోర్నమెంట్లలో చెక్క మీదే మ్యాట్ పరవడం చూస్తుంటాం కదా.

ప్రశ్న: చెక్క కోర్టు వేసి ఏడాదైంది, కాలు జారుతోంది. రోజూ తడిగుడ్డతో తుడిపిస్తున్నాం, వ్యాక్స్ వేయమంటారా?

జవాబు: వ్యాక్స్ వద్దే వద్దు, ఇంకా జారుతుంది. చాలాసార్లు జారేది దుమ్ము వల్లే. ఆటకి ముందు పొడి మైక్రోఫైబర్ మాప్ లాగించండి, చెమట పడ్డ చోట బాగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. నీళ్ల బకెట్‌ని మాత్రం కోర్టులోకి రానివ్వకండి, ఆ నీళ్లు పలకల సందుల్లోంచి కిందకి దిగుతాయి. అయినా జారుతుంటే పైన పాలిష్ అరిగిందేమో చూపించండి, అరిగింది పైపూత మాత్రమే అయితే చెక్క దాకా శాండింగ్ అక్కర్లేదు, పైపైన గరుకు చేసి స్పోర్ట్స్ ఫ్లోర్‌కి తయారుచేసిన పూత ఇంకోటి వేస్తే సరిపోతుంది.