హైస్కూలులో డిజైన్ పాఠాలు చెప్పాలంటే ముందు త్రీడీ ప్రింటర్ కొనాలా?

తమ పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు డిజైన్ అండ్ టెక్నాలజీ (వస్తువులను రూపొందించి తయారుచేయడం నేర్పే సబ్జెక్టు) మొదలు పెడుతున్నామని, ముందుగా త్రీడీ ప్రింటర్, రోబోటిక్స్ కిట్లు కొనాలా అని ఒక ఉపాధ్యాయిని అడిగారు. అక్కరలేదు. మొదటి సంవత్సరం అసలు కొనకపోవడమే మేలు. విశాఖపట్నంలో చాలాకాలంగా ఇవే పాఠాలు చెబుతున్నవాడిగా నేను ఒకటే చెబుతాను. పిల్లలకు ముందుగా ఒక మనిషి కావాలి, ఆ మనిషికి ఒక ఇబ్బంది ఉండాలి, వాళ్లు చేసిన వస్తువు బాగాలేకపోతే ఆ మాటను మొహమాటం లేకుండా మొహంమీదే చెప్పగలగాలి.

మా పాఠశాల వసతిగృహంలో వంట చేసే పెద్దావిడ మోకాళ్ల నొప్పులతోనే రోజూ నేలమీద కూర్చుని కత్తిపీటతో కూరలు తరిగేవారు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆమె ఇబ్బందినే పాఠంగా ఇచ్చాను. కత్తిపీటను బల్లమీదికి ఎక్కించేస్తే నిలబడి తరుగుకోవచ్చు కదా అని వాళ్లు పీరియడ్ ముగియకముందే తేల్చేశారు. అసలు కత్తి జోలికి పోనివ్వకుండా, అదే ఎత్తున్న చెక్కముక్కను పీటకు బిగించి, కాయను నెట్టే దిశలో స్ప్రింగు త్రాసుతో లాగి చూడమన్నాను. పీట బల్లమీద జారిపోయింది. బల్ల అంచుకు తగులుకునేలా పీట అడుగున, మనిషి నిలబడే వైపు, ఒక అడ్డపట్టీ కొట్టారు. జారడం ఆగింది గాని, కాస్త గట్టిగా లాగేసరికి ఆ వైపు భాగం పైకి లేచింది. నేలమీద కూర్చున్నప్పుడు పీటను తొక్కిపెట్టి ఉంచే కాలు ఎంత పని చేస్తోందో అప్పుడు గాని వాళ్లకు తెలియలేదు. బలభ్రామకం, అంటే బలం వస్తువును తిప్పే ప్రభావం, మీద లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్న పిల్లలే వీళ్లంతా.

టేపు పట్టుకుని వంటగదికి వెళ్లి ఆమె మోచేయి ఎంత ఎత్తులో ఉందో కొలిచాక ఇంకో చిక్కు బయటపడింది. వంటగట్టు ఎత్తుకు కత్తి ఎత్తు కూడా తోడైతే కోసే చోటు ఛాతీ దాకా వస్తుంది, చేతులు అలా పైకెత్తి పట్టుకుని బస్తా వంకాయలు తరగడం ఎవరివల్లా కాదు. కొలతలు రాసుకుంటున్న అమ్మాయితో ఆమె, "కూకోడానికి బాధ నేదమ్మా, లెగాలంటేనే పేనం పోతంది" అన్నారు. ఇన్నాళ్లూ పిల్లలు ఆమెను నిలబెట్టడానికి తంటాలు పడుతున్నారు, ఆమెకు కావలసింది సులువుగా లేవగలిగేంత ఎత్తులో కూర్చోవడం. ఒక కుర్రవాడికి వాళ్లింట్లోని కొబ్బరికోరు పీట గుర్తుకువచ్చింది. అడుగున్నర ఎత్తు బెంచీ చేసి, దాని కొసన కత్తి బిగించి, రెండో కొసన మనిషి కూర్చుంటే ఆ బరువే పీటను కదలనివ్వదని వాడు బొమ్మ గీశాడు. అట్టపెట్టెలతో నమూనా చేసి తీసుకువెళ్లి చూపిస్తే ఆమె నవ్వి, చీర కట్టుకుని గుర్రమెక్కినట్లు కూర్చోమంటారా అని అడిగారు. ఆ సంగతి తరగతిలోని మగపిల్లలకెవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆడపిల్లలు ఇద్దరు కూర్చుని, ఆసనాన్ని అడ్డంగా తిప్పి, కత్తి బిగించే కొసను కుడిపక్కకు జరిపి, ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో మళ్లీ గీశారు. ఆ కొస కింద విడిగా ఒక కాలు లేకపోతే పీట పక్కకు ఒరుగుతుందని త్రాసుతో లాగి చూసి తెలుసుకున్నారు.

స్టోరు గదిలో విరిగిపడి ఉన్న పాత బెంచీల చెక్కతోనే ఆ పీట తయారైంది. రంపంతో కోయడం, చిత్రిక పట్టడం, మూలమట్టంతో సరిచూడడం మా వీధి వడ్రంగి దగ్గరుండి నేర్పారు. ఈ ఊరి సముద్రపు గాలికి మామూలు ఇనుము ఎంతోకాలం నిలవదు కాబట్టి, కత్తి తప్ప మిగతా బిగింపులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులతోనే ఉండాలని పట్టుబట్టింది కూడా ఆయనే.

ఇప్పుడు కిట్ల సంగతి. గీత వెంబడి నడిచే రోబోలో చక్రం ఎంత ఉండాలో, మోటారు ఎక్కడ బిగించాలో కిట్ తయారుచేసినవారు ముందే నిర్ణయించేశారు; పిల్లలకు మిగిలేది మరలు తిప్పడమే. పాఠశాలల్లో త్రీడీ ప్రింటర్లు, రోబోటిక్స్ కిట్ల వంటివి పెట్టడానికి 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకం ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చింది, ఉద్దేశం మంచిదే. అయితే ఇలాంటి పరికరాలున్న ఒక పాఠశాలకు నేను వెళ్లినప్పుడు ప్రింటర్ మీద గుడ్డ కప్పి, గదికి తాళం వేసి ఉంది. అది చేసి పెట్టిన వస్తువులన్నీ అతిథులకిచ్చే కీచైన్లు. సైన్స్ ఫెయిర్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, థర్మోకోల్ అగ్నిపర్వతాన్ని దుకాణంలో కొని తెచ్చిన తండ్రికి బహుమతి ఇవ్వక పిల్లవాడికి ఎందుకిస్తారో నాకు నేటికీ అంతుపట్టదు.

చేతిపనితో చదువు అన్నది మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీం ప్రతిపాదించారు, 1964–66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం అంది, 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి పది రోజుల పాటు సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి వంటివారి దగ్గర పని నేర్చుకునే అవకాశం ఉండాలంది. ఇక్కడ ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ ఆ గంటలన్నీ మింగేస్తున్నారు. ఇంగ్లండ్‌లో 1990 నుంచి డిజైన్ అండ్ టెక్నాలజీ జాతీయ పాఠ్యప్రణాళికలో ఉన్న సబ్జెక్టు, పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్ఈ పరీక్షలో ఈ సబ్జెక్టుకు సగం మార్కులు విద్యార్థి స్వయంగా రూపొందించి చేసిన పనికే ఇస్తారు. మన దగ్గర మార్కులు లేని పీరియడ్‌ను లెక్కల మాస్టారు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసుకోవచ్చు.

వీలైతే పిల్లలను ఒకసారి లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక తీసుకువెళ్లండి. తిరిగే అంకుడు కర్రకు లక్కబిళ్లను ఆనించగానే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు అంటుకోవడం కళ్లారా చూసిన పిల్లలకు ఘర్షణ పాఠం మళ్లీ చెప్పనక్కరలేదు.

కొనవలసినవి టేపులు, మూలమట్టాలు, చేతి రంపాలు, క్లాంపులు, స్ప్రింగు త్రాసులు, కళ్లకు రక్షణగా పెట్టుకునే అద్దాలు. అట్టపెట్టెలు కిరాణా కొట్టువాళ్లు ఊరికే ఇస్తారు. మార్కులు వేసేటప్పుడు చివరి వస్తువుతో పాటు పనికిరాదని పక్కన పెట్టిన నమూనాలను కూడా బల్లమీద పెట్టించి, ఒక్కొక్కటి ఎందుకు వదిలేశారో చెప్పమనండి, నేను సగం మార్కులు అక్కడే వేస్తాను. ఇక మీ ప్రధానోపాధ్యాయులను అడగవలసినది ఒక్కటే: వారానికి విడివిడిగా రెండు పీరియడ్లు ఇస్తామంటే ఒప్పుకోకండి, రెండూ వరుసగా ఉండాలి. నలభై నిమిషాల్లో పనిముట్లు తీసి, పంచి, లెక్కపెట్టి మళ్లీ సర్దేసరికే గంట కొట్టేస్తారు.