సున్నం పెంచినా ఫ్లోరైడ్ ఎందుకు దిగడం లేదు?

ప్రశ్న: మా కర్మాగారంలో గాజుపై ఆమ్లంతో నగిషీ చేసిన తరువాత వచ్చే వ్యర్థజలంలో లీటరుకు సుమారు 600 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటోంది. సున్నపు పాలు కలిపితే 25 వరకు దిగి అక్కడే ఆగిపోతోంది. సున్నం రెట్టింపు చేస్తే మడ్డి పెరిగింది కానీ ఫలితం లేదు. పైన తేరిన నీరు కూడా తెల్లగానే ఉంటోంది. ఏం చేయాలి?

జవాబు: సున్నంలోని కాల్షియం, నీటిలోని ఫ్లోరైడ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అవక్షేపిస్తుంది. అయితే ఇది బొత్తిగా కరగని పదార్థం కాదు. స్వచ్ఛమైన నీటిలోనే లీటరుకు సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది, అందులో ఫ్లోరైడ్ వాటా దాదాపు 8 మిల్లీగ్రాములు. ఆచరణలో సున్నం ఒక్కదానితో 10 నుంచి 20 మధ్య ఆగిపోవడం మామూలే కనుక, మీ 25లో కొంత భాగాన్ని తప్పక తగ్గించవచ్చు.

ముందుగా తేరిన నీటిని 0.45 మైక్రాన్ల వడపోత పొర (మెంబ్రేన్) గుండా వడకట్టి, వడకట్టక ముందూ తరువాతా మొత్తం ఫ్లోరైడ్ ఎంతో చూడండి. వడకట్టాక బాగా తగ్గితే, మీ నీటిలోని తెలుపు దిగకుండా తేలుతున్న సన్నని కాల్షియం ఫ్లోరైడ్ రేణువులదే; అప్పుడు మరింత సున్నం పోయడం వృథా. తొట్టి అడుగున చేరిన మడ్డిలో కొంత భాగాన్ని తిరిగి చర్య జరిగే తొట్టిలోకి పంపితే, కొత్త అవక్షేపం ఆ పాత రేణువుల మీదే పెరిగి బరువెక్కి త్వరగా దిగుతుంది. ఈ ఏర్పాటును చాలామంది పట్టించుకోరు, కానీ నా ఉద్దేశంలో మొదట చేయవలసిన మార్పు ఇదే.

వడకట్టినా తగ్గకపోతే, కరిగిన కాల్షియం చాలడం లేదేమో చూడాలి. లెక్క ప్రకారం గ్రాము ఫ్లోరైడ్‌కు దాదాపు 1.95 గ్రాముల తడిసున్నం కావాలి, అంటే మీ నీటికి లీటరుకు సుమారు 1.2 గ్రాములు. కానీ సున్నపు రేణువుల పైన కాల్షియం ఫ్లోరైడ్ పొర కట్టి లోపలి సున్నం కరగకుండా అడ్డుకుంటుంది. మీ మడ్డి పెరగడానికి ఇది ఒక ప్రధాన కారణం కావచ్చు. అందువల్ల పీహెచ్‌ను 8, 9 మధ్యకు తేవడానికి సరిపడా సున్నం వాడి, మిగిలిన కాల్షియాన్ని నీటిలో వెంటనే కరిగే కాల్షియం క్లోరైడ్ రూపంలో ఇవ్వండి. కాల్షియం అధికంగా ఉంటే కరిగి ఉండే ఫ్లోరైడ్ ఇంకా తగ్గుతుంది. గాజు పనిలో ఫ్లోరోసిలికేట్ (సిలికాన్, ఫ్లోరిన్ కలిసిన పదార్థం) కూడా వస్తుంది. అది క్షార స్థితిలో విడివడి ఫ్లోరైడ్‌ను వదలడానికి వ్యవధి పడుతుంది కనుక తొట్టిలోని నీటిని తొందరపడి బయటకు పంపకూడదు.

ఇంకా దిగువకు రావాలంటే మడ్డిని వేరుచేశాక రెండో దశలో పటికగానీ, పాలీ అల్యూమినియం క్లోరైడ్‌గానీ వేసి, పీహెచ్ 6, 7 మధ్య నిలపాలి. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఫ్లోరైడ్‌ను పట్టుకుని దిగుతుంది. పీహెచ్ మరీ పడిపోతే అల్యూమినియం, ఫ్లోరైడ్‌తో కలిసి నీటిలో కరిగే సంక్లిష్టాలుగా ఏర్పడి నీటిలోనే ఉండిపోతుంది. మోతాదును జార్ పరీక్షతోనే (అదే నీటిని కొన్ని పాత్రల్లో తీసుకుని వేర్వేరు మోతాదులు వేసి పోల్చడం) నిర్ణయించుకోండి. ఫలితాన్ని ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలుస్తున్నట్లయితే, అల్యూమినియం బంధించిన ఫ్లోరైడ్‌ను విడిపించే బఫర్ (పీహెచ్‌ను స్థిరంగా ఉంచే ద్రావణం) కలిపిన తరువాతే రీడింగ్ తీసుకోవాలి, లేకుంటే అసలు కంటే తక్కువ చూపుతుంది.