కార్పల్ టన్నెల్ ఆపరేషన్ తర్వాత అరచేతి నొప్పి, వేళ్లు బిగుసుకోవడం

మీ అమ్మకి మణికట్టు దగ్గర నొక్కుకుపోయిన నరాన్ని వదులు చేసే కార్పల్ టన్నెల్ ఆపరేషన్ కెమెరాతో చేసి 3 వారాలైందని, అరచేయి నొప్పిగా ఉందని, వేళ్లు బిగుసుకుంటున్నాయని అడిగారు. మణికట్టు దాటగానే, అరచేతి మొదట్లో రెండు పక్కలా నొక్కితే నొప్పి అంటున్నారు కాబట్టి ఇది చాలావరకు పిల్లర్ పెయిన్, అంటే ఈ ఆపరేషన్ తర్వాత అక్కడ వచ్చే నొప్పి. కెమెరాతో చిన్న గాటు పెట్టి చేసినా లోపల కోసేది అదే అడ్డపట్టీని, అంటే నరం మీద అడ్డంగా ఉండే గట్టి పట్టీని. అది మానేదాకా నొప్పి ఉంటుంది. 3 వారాలకే ఆపరేషన్ ఫెయిలైందని అమ్మ భయపడనక్కర్లేదు. రాత్రి తిమ్మిరి తగ్గిందన్నారు, అది మంచి గుర్తు. నొప్పి ఎక్కువమందికి 3 నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఇంకాస్త పడుతుంది.

వేళ్లు బిగుసుకోవడం వేరే సంగతి. గాటు చిన్నదే కదా అని చేతిని ఒళ్లో పెట్టుకుని కదపకుండా కూర్చుంటారు. వేళ్లు కదపడమే అందరూ వదిలేస్తారు. అందుకే అమ్మ ఇవి పాటించేలా చూడండి.

1. వేళ్లు పూర్తిగా చాపాలి. తర్వాత కొక్కెంలా వంచాలి, ఆపైన పూర్తి పిడికిలి. ఒక్కోటి 10 సార్లు, రోజుకి 4, 5 విడతలు. మెల్లగా, బలవంతం వద్దు.
2. వాపుంటే చేతిని గుండె కంటే ఎత్తులో దిండు మీద పెట్టాలి.
3. గాయం పూర్తిగా మానాకే కొబ్బరినూనెతో మచ్చ మీద మర్దన.
4. సంగటి కెలకడం, బట్టలు పిండడం, బిందె మోయడం డాక్టర్ సరేననేదాకా వద్దే వద్దు.

చీము, ఎర్రదనం, జ్వరం, ముందుకంటే ఎక్కువ తిమ్మిరి, బొటనవేలు పట్టు తప్పడం, చెయ్యంతా మంటతో రంగు మారడం: వీటిలో ఏదున్నా ఆరోజే ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆయన దొరక్కపోతే చిత్తూరు నుంచి తిరుపతిలోని రుయా ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీకి రండి, ఆపరేషన్ కాగితాలు మరవకుండా.