వలస పిల్లలు తమనేమని చెప్పుకుంటారు?

ప్రశ్న: వలస కుటుంబాల్లో జాతి గుర్తింపు తరానికింత చొప్పున తరిగిపోతుందని చదివాను. మరి టీనేజీ పిల్లల్లో ఒక్కోసారి పెరుగుతోందే, ఎందుకు? సర్వేలో దీన్నెలా అడగాలి?
– సామాజికశాస్త్ర విద్యార్థిని

జవాబు: తరానికింత అని తరిగేది భాష. మూడో తరానికి, అంటే వలస వచ్చినవాళ్ల మనవలకి, సాధారణంగా కొత్త దేశపు భాషే మిగులుతుంది. గుర్తింపు మాత్రం దాని వెంటే నడవదు. చుట్టూ ఉన్నవాళ్లు మనల్ని ఎలా చూస్తున్నారన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.

అమెరికాలో సామాజికశాస్త్రవేత్త అలెహాండ్రో పోర్టెస్ బృందం 1992లో శాన్ డియాగో, మయామీ ప్రాంతాల బడుల్లో 5,262 మంది వలస కుటుంబాల పిల్లల్ని ప్రశ్నించి, మూడేళ్లకు మళ్లీ వాళ్లనే అడిగింది. ఈ మధ్యలో, 1994లో, పత్రాలు లేని వలసదారులకు బడి, వైద్యం ఆపాలన్న 187వ ప్రతిపాదనను కాలిఫోర్నియా ఓటర్లు నెగ్గించారు. రెండోసారి అడిగేసరికి పిల్లల ఇంగ్లీషు మెరుగైంది, కానీ ‘నేను అమెరికన్‌ని’ అనేవాళ్లు తగ్గారు. అమ్మానాన్నల దేశం పేరు చెప్పేవాళ్లు పెరిగారు. వేలెత్తి చూపిస్తే పిల్లలు ఆ పేరునే గట్టిగా పట్టుకుంటారు.

సామాజికశాస్త్రవేత్త హెర్బర్ట్ గాన్స్ 1979లో చెప్పిన ‘ప్రతీకాత్మక’ గుర్తింపు వేరు. పండగకి, పెళ్లికి గుర్తుచేసుకుని, మిగతా రోజుల్లో పక్కన పెట్టేయగలిగేది. యూరప్ మూలాల తెల్లవాళ్లకి అది కుదిరింది. ఒంటి రంగు చూసి ‘అసలు మీదే దేశం?’ అని అడిగించుకునేవాళ్లకి ఆ వెసులుబాటు ఎక్కడిది?

ఇక సర్వే. ‘నిన్ను నువ్వు ఏమని చెప్పుకుంటావు?’ అని ముందు ఖాళీ గీతతో అడగండి. జాబితా తర్వాతే, ఒకటికి మించి టిక్కు పెట్టనివ్వండి. అమ్మానాన్నలు ఎదురుగా ఉండగా అడిగితే వాళ్లకి నచ్చే జవాబే వస్తుంది. తనూ, తల్లిదండ్రులూ, ఇద్దరు తాతయ్యలూ, అమ్మమ్మా, నానమ్మా ఎక్కడ పుట్టారో తప్పకుండా విడిగా రాయించండి. ఇది వదిలేస్తే తమ మూలాల పేరు చెప్పుకోవడం మానుకున్నవాళ్లు లెక్కలోంచే జారిపోతారు. అమెరికా సర్వే సంస్థ ప్యూ 2017 నివేదికలో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల) మూలాలున్న పెద్దల్లో తమను హిస్పానిక్ అనుకునేవాళ్లు వలస వచ్చినవారిలో 97 శాతం, నాలుగో తరం, ఆపైవాళ్లలో సగమే. మెక్సికన్ మూలాలవాళ్లలో అలా జారిపోయేవారు సగటున ఎక్కువ చదువుకున్నవాళ్లు. మిగిలినవాళ్లనే లెక్కేస్తే ఆ సమూహం ఉన్నదానికన్నా వెనకబడినట్టు కనిపిస్తుంది.

ఒకే ఏడాది మూడు తరాల్ని పోల్చి ‘ఇలా మారింది’ అని రాయకండి. ఇవాళ్టి మూడో తరం ఇవాళ్టి మొదటి తరానికి మనవలు కారు.